లాల పోస్తూ... బువ్వ పెడుతూ...

పసిబిడ్డకు మనం చేసే ప్రతి పనిలోనూ బిడ్డ చేసేదీ కొంత ఉంటుంది. గత యాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు ఆ ‘కొంత’నే ఓపిగ్గా చూస్తున్నారు.

మూడు నెలల పాప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. అమ్మ దగ్గరికొచ్చి, ‘రామ్మా, ఎత్తుకుంటా’ అంటూ రెండు చేతులూ చాచింది. ఇంకా ముట్టుకోలేదు. అప్పటికే పాప ఒంట్లో మార్పు వచ్చేసింది. అంతవరకూ గాల్లో తంతున్న కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాయి. చేతులు పక్కలకు జరిగి చంకల కింద చోటిచ్చాయి. మెడ బిగిసింది, గడ్డం కాస్త పైకి లేచింది. ఆ తర్వాతే అమ్మ చేతులు వీపు కిందికి వెళ్లాయి.

రోజుకు ఎన్నోసార్లు జరిగే పని ఇది. అమ్మ ఎత్తింది, పాప లేచింది అనుకుంటాం. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త వాసుదేవి రెడ్డి, ఆమె సహచరులు దీన్నే వీడియో తీసి, క్షణక్షణం ఆపి చూశారు. రెండు నెలల పిల్లల్లోనే ఈ సిద్ధపడటం మొదలవుతుందని, మూడో నెలా నాలుగో నెలా వచ్చేసరికి అది మరింత కుదురుకుంటుందని 2013లో ప్రచురించారు. అంటే ఎత్తుకోవడం అమ్మ ఒక్కతే చేస్తున్న పని కాదు, ఇద్దరూ కలిసి చేస్తున్నది. మెడ కూడా సరిగ్గా నిలవని వయసులో బిడ్డ ఎదుటి మనిషి ఏం చేయబోతోందో పసిగట్టి, తన వంతు సాయం అందిస్తోంది.

వైద్యులకు ఈ సంగతి అంతకుముందే మరో వైపు నుంచి తెలుసు. ఆటిజం గురించి 1943లో వివరంగా రాసిన లియో కానర్, తాను చూసిన పిల్లల్లో చాలామంది ఎత్తుకోబోతే ఒళ్లు సిద్ధం చేసుకునేవారు కారని తల్లులు చెప్పినట్టు నమోదు చేశాడు. అది లోపించినప్పుడు గమనించారు గానీ, మామూలుగా పిల్లల్లో రోజూ జరుగుతున్నదాన్ని కూర్చుని చూడటానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. (ఈ ఒక్క లక్షణాన్ని పట్టుకుని ఇంట్లో ఎవరూ బిడ్డకు జబ్బు పేరు పెట్టేయకూడదు. అనుమానముంటే పిల్లల డాక్టరుకు చూపించాలి.)

పసిపిల్లల మెదడు గురించి ఇప్పుడు బజారు చాలా మాట్లాడుతోంది. నలుపు తెలుపు బొమ్మల కార్డులు, తెలివి పెంచుతామనే ఆటవస్తువులు, నెలనెలా ఇంటికొచ్చే పెట్టెలు. వీటన్నిటి వెనకా ఒకే ఆలోచన ఉంది: స్నానం, పాలు, బట్టలు మార్చడం, నిద్రపుచ్చడం అనేవి పనులు, అవి గబగబా ముగించుకుంటే మిగిలిన టైములో బిడ్డకు ఏదైనా నేర్పవచ్చు. ఇది తిరగబడిన లెక్క. తొలి ఏడాదిలో బిడ్డ మెలకువగా ఉండే సమయంలో పెద్ద భాగం ఈ పనుల్లోనే గడుస్తుంది. అదే మనిషి, అదే చోటు, అదే వరస, అవే మాటలు. రేపు మళ్లీ అదే. లోకం తీరు పట్టుకోవడానికి పసివాళ్లకు ఇంతకన్నా అనువైన పాఠం ఇంకెక్కడా దొరకదు. అందుకే ముందు ఆ పనులనే దగ్గరగా చూడాలి.

నీ వంతు, నా వంతు

పాలు తాగే బిడ్డ కొన్ని గుక్కలు గబగబా చప్పరిస్తుంది, ఆగుతుంది. మళ్లీ చప్పరిస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఆగినప్పుడల్లా తల్లి బిడ్డను కాస్త కుదుపుతుంది, బుగ్గ మీద వేలితో తడుతుంది, ‘ఏం, నిద్దరొచ్చేసిందా?’ అంటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త కెన్నెత్ కేయ్ 1970ల్లో ఈ చిన్న విషయాన్నే పట్టుకుని పనిచేశాడు. కుదిపితే బిడ్డ మళ్లీ తాగుతుందని తల్లుల నమ్మకం. కేయ్ పరిశీలనలో తేలింది వేరు. కుదుపుతున్నంతసేపూ బిడ్డ ఆగే ఉంటుంది. కుదపడం ఆపాకే మళ్లీ మొదలుపెడుతుంది. ఎవరూ చెప్పకుండానే, పుట్టిన రెండు వారాల్లోపే తల్లుల చేతికి ఇది తెలిసిపోతుంది. కుదుపు పొట్టిదవుతుంది. కదిపి, ఆపి, బిడ్డకు వదిలేస్తారు.

ఒకరు ఆగితే ఒకరు కదలడం, ఒకరు కదులుతుంటే ఒకరు ఆగడం. మాటల్లో మనం జీవితమంతా చేసేది ఇదే. మనుషుల మధ్య వంతులవారీ వ్యవహారానికి తొలి రూపం ఇక్కడ ఉందని కేయ్ వాదించాడు. నాకు ఆ వాదన నచ్చడానికి కారణం, అందులో తల్లి పాఠం చెప్పే మనిషి కాదు. ఆమె కూడా ఆ రెండు వారాల్లో నేర్చుకుంటోంది.

ఆరేడు వారాలకు నవ్వు వస్తుంది, రెండో నెలలో ఊసులు మొదలవుతాయి. తెలుగిళ్లలో ఆ ఊసులకు జవాబు చెప్పని వాళ్లుండరు. పాప ‘ఉంగా’ అంటే నాయనమ్మ ‘ఆహా, అలాగా! నాన్న కొట్టాడా? ఉండు, వాడి పని చెబుతా’ అంటుంది. అని ఊరుకుంటుంది. పాప మళ్లీ ఏదో అంటుంది. పరిశోధకురాలు మేరీ కేథరిన్ బేట్‌సన్ 1970లలో తల్లీ బిడ్డల ఫిల్ములు చూసి ఇందులో సంభాషణకు ఉండే ఒద్దిక అప్పటికే ఉందని రాసింది. ఎడిన్‌బరోలో కోల్విన్ ట్రెవార్థెన్ అదే మాట చెప్పి, దశాబ్దాలపాటు దాని మీద పనిచేశాడు. మాటలు రాకముందే మాట్లాడటం వస్తోందన్నది వాళ్లిద్దరూ తేల్చిన విషయం.

కాళ్ల మీద స్నానం

మన ఇళ్లలో పసిబిడ్డ స్నానం ఒక పెద్ద ఘట్టం. చూసినవాళ్లు చాలామందే ఉన్నా, అందులో ఏం జరుగుతోందో నిదానంగా చెప్పుకోవడం తక్కువ.

ఇంట్లో పెద్దావిడో, పురిటి స్నానాలకు వచ్చే మనిషో తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి ఎగదోసి, కాళ్లు బారచాపుతుంది. పక్కన బకెట్లో కాచిన నీళ్లు, చెంబు, చిన్న గిన్నెలో నూనె, మరో గిన్నెలో శనగపిండో పెసరపిండో. బిడ్డను రెండు కాళ్ల మధ్య పల్లంలో వెల్లకిలా పడుకోబెడుతుంది. తల ఆమె పాదాల వైపు, బిడ్డ కాళ్లు ఆమె పొట్ట వైపు. అంటే స్నానం జరిగినంతసేపూ బిడ్డకు ఎదురుగా ఉండేది ఆ ఒక్క మొహమే.

నూనె చేతులతో ముందు గుండె మీద నుంచి పక్కలకు రాస్తుంది. తర్వాత భుజం నుంచి మణికట్టు దాకా. ‘ఏదీ, చెయ్యేదీ? ఇటివ్వు. ఆ... ఇచ్చేసింది నా బంగారం. మరి రెండో చెయ్యో? అదెవరిస్తారూ?’ అని అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. మొదటి వారాల్లో ఆ క్షణంలో ఏమీ జరగదు. ఆమె తానే రెండో చెయ్యి అందుకుని, ‘ఇదిగో ఇచ్చేసింది’ అంటుంది. బిడ్డ చేయని పనిని చేసినట్టే లెక్కవేసి మెచ్చుకుంటుంది. రోజూ ఆ చోటే ఖాళీ వదులుతుంది. నాలుగైదు నెలలకు ఆ ఖాళీలోకి బిడ్డ చెయ్యి నిజంగానే వచ్చి చేరుతుంది.

నీళ్లు పోసేటప్పుడు ఇంకో సంగతి. ముఖం మీదికి నీళ్లు రాకుండా ఎడమ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, ‘నీళ్లొస్తున్నాయ్... వస్తున్నాయ్... వచ్చేశాయ్!’ అని గొంతు కొద్దికొద్దిగా పెంచి చెంబు వంచుతుంది. ఆ మూడో మాట, నీళ్ల ధార ఒకేసారి పడతాయి. కొన్నాళ్లకు ‘వస్తున్నాయ్’ దగ్గరే బిడ్డ కళ్లు మూసుకుని మొహం చిట్లిస్తుంది. మాటకు అర్థం తెలిసిందని కాదు. ఆ గొంతు తర్వాత ఏం వస్తుందో తెలిసింది. అర్థానికి దారి అక్కడి నుంచే మొదలు.

జర్మనీలో ఇరిస్ నోమికు, కాథరీనా రోల్ఫింగ్ 2011లో ప్రచురించిన పరిశోధన దాదాపు ఇలాంటిదే. వాళ్లు తీసుకున్నది స్నానం కాదు, మూడు నెలల పిల్లలకు డైపర్ మార్చడం. తల్లుల మాటలు చేతుల కదలికతో కలిసి నడుస్తున్నాయని, చెయ్యి కదిలే క్షణానికే మాట పడుతోందని గమనించారు. బిడ్డకు మాట విడిగా చెవిలో పడటం లేదు. ఒంటి మీద స్పర్శతో, కంటి ముందు కదలికతో జతపడి అందుతోంది.

ఆ స్పర్శ మీద కూడా ఇప్పుడు మంచి శాస్త్రం ఉంది. మన చర్మంలో మృదువైన నిమురుడికి మాత్రమే గట్టిగా స్పందించే ఒక రకం నరాలున్నాయి. చెయ్యి సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో కదిలితేనే అవి బాగా పలుకుతాయి. మరీ మెల్లగా ఉన్నా, మరీ గబగబా ఉన్నా అంతగా పలకవు. తొమ్మిది నెలల పిల్లలను సెకనుకు 3 సెంటీమీటర్ల వేగంతో మెత్తని బ్రష్‌తో నిమిరితే గుండె వేగం తగ్గి నెమ్మదించినట్టు 2014లో తేలింది. బిడ్డను నిమరమని తల్లిదండ్రులకు ఊరికే చెబితే, వేగం సంగతి ఎవరూ చెప్పకపోయినా, వాళ్ల చెయ్యి సరిగ్గా ఆ హద్దుల్లోనే కదులుతుందని మరో పరిశోధన చూపింది.

మన దేశపు ఒంటి మర్దన గురించి పాశ్చాత్యులకు పెద్ద ఎత్తున తెలిసింది ఫ్రెంచి వైద్యుడు ఫ్రెడరిక్ లెబోయే వల్ల. కలకత్తాలో శాంతల అనే తల్లి తన బిడ్డకు నూనె రాస్తుండగా చూసి, ఆమె పేరుతోనే 1976లో ఒక పుస్తకం వేశాడు. పదేళ్ల తర్వాత అమెరికాలో టిఫనీ ఫీల్డ్ నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, పది రోజులపాటు మర్దన చేయించి చూసింది. మర్దన లేని పిల్లలకన్నా వీళ్లు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు.

ఇంత చెప్పాక మన అలవాట్లలో మానుకోవాల్సినవీ చెప్పి తీరాలి. చెవుల్లో, ముక్కులో నూనె పోయడం, కళ్లకు కాటుక పెట్టడం, ముక్కు సాగదీయడం, రొమ్ములు పిండటం, ఒళ్లు కందిపోయేంత వేడి నీళ్లు, తలుపులేసిన గదిలో దట్టమైన సాంబ్రాణి పొగ. ఇవన్నీ పిల్లల డాక్టర్లు వద్దనేవే, సరైన కారణాలతోనే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఉగ్గు, తేనె, నీళ్లు ఏవీ వద్దు. కాళ్లు చాపి కూర్చున్న ఆ మనిషి నిదానానికీ, ఆమె కబుర్లకూ, వీటికీ సంబంధం లేదు. ఇవి తీసేసినా స్నానంలోని గొప్పతనం తీసిపోదు.

మర్దన ఒక్కటే కాదు, పెద్దవాళ్లు బిడ్డ ఒంటిని రోజూ పట్టే తీరు పిల్లల నడకను కూడా మారుస్తుంది. కెన్యాలోని కిప్సిగిస్ తెగ తల్లులు పిల్లలకు కూర్చోవడం నేర్పుతారు; నేలలో చిన్న గుంత చేసి, చుట్టూ గుడ్డలు పేర్చి అందులో కూర్చోబెడతారు. చార్లెస్ సూపర్ 1976లో చూపింది ఏమిటంటే, అక్కడి పిల్లలు అమెరికా పిల్లలకన్నా కొన్ని వారాల ముందే కూర్చుంటున్నారు, నడుస్తున్నారు. పాకడంలో మాత్రం ముందు లేరు. ఎందుకంటే పాకడం అక్కడ ఎవరూ నేర్పరు. ఎదుగుదల అంతా లోపలి గడియారమే నడిపిస్తుందని నమ్మిన రోజుల్లో ఇది పెద్ద దెబ్బ. మనవాళ్లు బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు వండి ఊరంతా పంచుతారు. ఆ వేడుకలు పేరుకు బిడ్డకే గానీ, నిజానికి పెద్దవాళ్ల కళ్లను బిడ్డ మీద నిలిపే ఏర్పాటు అవి. రేపో మాపో బోర్లా పడుతుందని ఇంటిల్లిపాదీ కాచుక్కూర్చుంటారు. కాచుక్కూర్చున్న మనిషి సాయం కూడా పడుతుంది.

బువ్వ, బొజ్జ, చెయ్యి

ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు మాటలు రావు. కానీ కొన్ని మాటలు తెలుసు. రెండు బొమ్మలు చూపి ఒకదాని పేరు చెబితే ఆ బొమ్మ వైపే ఎక్కువసేపు చూస్తారని 2012లో ఎలీకా బెర్గెల్సన్, డేనియల్ స్వింగ్లీ కనిపెట్టారు. ఏ మాటలు? తిండి పేర్లు, ఒంటి భాగాల పేర్లు. బువ్వ పెట్టేటప్పుడు, ఒళ్లు తోమేటప్పుడు దొర్లే మాటలనే పరిశోధకులు అడిగి చూశారు, పిల్లలకు అవి తెలిసే ఉన్నాయి.

ఎందుకు అవే ముందు వస్తాయో తెలుసుకోవడానికి డెబ్ రాయ్ చేసిన పని చాలా పనికొస్తుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఈయన, కొడుకు పుట్టినప్పటి నుంచి మూడేళ్లపాటు ఇంట్లో 11 కెమెరాలు, 14 మైకులు పెట్టి రికార్డు చేశాడు. 2015లో వెలువడిన ఫలితం: ఒక మాటను పిల్లవాడు ఎప్పుడు పలుకుతాడన్నది ఆ మాట ఎన్నిసార్లు వినబడిందన్నదానికన్నా, అది ఏదో ఒక చోటుకీ, వేళకీ, సందర్భానికీ ఎంత గట్టిగా ముడిపడి ఉందన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతోంది. ఇల్లంతా ఎప్పుడుపడితే అప్పుడు వినిపించే మాటకన్నా వంటింట్లో, తినే వేళలో, తిండితోపాటే వినిపించే మాట ముందు నోటికొస్తుంది. రోజువారీ పనులకున్న ఆ మార్పులేని వరసే మాటలకు కొక్కెమవుతోంది. పెద్దవాళ్లకు విసుగు పుట్టించే ఆ వరసే బిడ్డకు ఆసరా అన్నమాట.

ధ్వనుల విషయంలో కూడా తొలి ఏడాది అయిపోయేలోపే చాలా తేలిపోతుంది. మన త, ట తేడా ఇంగ్లిషువాళ్లకు వినపడదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని ఈ రెండు ధ్వనులనే ఇంగ్లిషు ఇళ్ల పిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో పిల్లలు తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు. ఇది 1984 నాటి మాట. ఆ శక్తి నిలవాలంటే ఏం కావాలో 2003లో పట్రీషియా కూల్ చూపించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో చైనీస్ మాట్లాడేవాళ్లు 12 సార్లు కూర్చుని ఆడించారు, పుస్తకాలు చదివారు. ఆ పిల్లలు చైనీస్ ధ్వనుల్లో తేడాలు పట్టుకోగలిగారు. అవే మాటలు, అదే మనిషి, టీవీలో చూపిస్తే ఏమీ రాలేదు.

డాలస్‌లో, న్యూజెర్సీలో మనవళ్ల పురుళ్లకు వెళ్లే అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఈ ఫలితాలు తెలియాలి. ఆ ఇళ్ల బాత్రూముల్లో కాళ్లు చాపుకుని కూర్చునే చోటుండదు. తొట్టి అంచు మీద వంగి, నడుం పట్టేసినా, ‘లాల పోసుకుందామా’ అంటూ వాళ్లు చేసేది ఆ బిడ్డ చెవిలో ట, త, ళ, ణలను నిలపడం. ఉండనిచ్చిన ఆరు నెలల గడువు అయిపోయి తిరిగొచ్చాక మిగిలేది వీడియో కాల్. టీవీకీ దానికీ తేడా ఉంది: ఇటునుంచి బిడ్డ నవ్వితే అటునుంచి నవ్వొస్తుంది. ఏడాది దాటిన పిల్లలు అలాంటి ఎదురుమాట ఉన్న వీడియో నుంచి కొంత నేర్చుకోగలరని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే కాల్‌ను కబుర్లకు కాకుండా పనికి కలపాలి. గుంటూరులో నాయనమ్మ ‘ఆం’ అంటుంటే అక్కడ వాళ్ల నాన్న చెంచా అందిస్తే, అది కాస్త ఆ నిజమైన అన్నం వేళకు దగ్గరపడుతుంది.

కుదరనప్పుడు

ఇదంతా చదివి, బిడ్డతో గడిపే ప్రతి నిమిషం శ్రుతి కుదరాలని ఏ తల్లి అయినా బెంగపడితే ఈ వ్యాసం చెడ్డ పని చేసినట్టే. అందుకే మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ గురించి చెప్పాలి.

1970ల్లో ఆయన చేసిన ప్రయోగం ప్రపంచమంతటికీ తెలుసు. తల్లి బిడ్డను కాసేపు మామూలుగా ఆడిస్తుంది. తర్వాత రెండు నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా బిడ్డనే చూస్తూ ఊరుకుంటుంది. బిడ్డ ముందు నవ్వుతుంది. ఫలితం లేకపోతే చేతులు చాస్తుంది, ఊసులాడుతుంది. అదీ పనిచేయకపోతే చూపు తిప్పేసుకుంటుంది, ఒళ్లు వదిలేస్తుంది, ఏడుస్తుంది. ఫోను చూసుకుంటున్న తల్లి మొహం కూడా ఇలాంటి ప్రభావమే చూపుతుందని, పిల్లలు చిన్నబోయి చికాకు పడుతున్నారని 2018లో ఏడు నెలల నుంచి రెండేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలో తేలింది.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే అది సగమే. ట్రానిక్ తర్వాత చూసింది మామూలు రోజుల్లో, మామూలు ఇళ్లలో తల్లీ బిడ్డలు ఎంతసేపు ఒకే తీరులో ఉంటారన్నది. సుమారు 30 శాతం సమయమే. మిగతా సమయమంతా ఒకరు నవ్వుతుంటే ఒకరు ఎటో చూస్తూ, ఒకరు ఆడిద్దామంటే ఒకరికి నిద్ర వస్తూ, తప్పుతూనే ఉంటారు. తప్పాక ఎవరో ఒకరు సర్దుకుంటారు, మళ్లీ కలుస్తారు. బిడ్డకు బలం ఇచ్చేది ఆ సర్దుబాటేనని ఆయన నమ్మకం. చెంచా నోటి దగ్గరికి తెచ్చాక బిడ్డ మొహం తిప్పేసుకుంటే, ‘సరే, వద్దులే’ అని చెయ్యి వెనక్కి తీసుకుని ఒక నిమిషం ఆగి మళ్లీ అడిగే మనిషి దగ్గర, కాదన్నా కొంప మునగదని బిడ్డ తెలుసుకుంటుంది. బలవంతంగా కుక్కితే అది తెలియదు.

ఏడుపు కూడా అంతే. ‘ఎత్తు మరిగిందంటే ఇక దించనివ్వదు’ అని పెద్దవాళ్లు భయపెడతారు. జపాన్‌లో కూమి కురోడా బృందం 2013లో చూపింది వేరే: ఎత్తుకుని నడిస్తే ఆరు నెలల్లోపు బిడ్డ ఒళ్లు వదులుతుంది, గుండె వేగం తగ్గుతుంది, ఏడుపు ఆగుతుంది. ఊరికే ఎత్తుకుని కూర్చుంటే అంత ఫలితం లేదు. 2022లో వాళ్లే ఒక చిట్కా కూడా చెప్పారు. ఐదు నిమిషాలు ఎత్తుకుని నడవండి, నిద్రపోయాక వెంటనే దించకుండా 5 నుంచి 8 నిమిషాలు కూర్చోండి, అప్పుడు పడుకోబెట్టండి. రాత్రి రెండింటికి భుజాన వేసుకుని వసారాలో పచార్లు చేసిన తాతలెవరికీ ఇది కొత్త కాదు.

ఆడించకపోయినా పరవాలేదు

ఇక్కడొక జాగ్రత్త అవసరం. పైన చెప్పినవాటిలో చాలా పరిశోధనలు ఒక తల్లి, ఒక బిడ్డ, ఎదురెదురుగా ఉన్న ఇళ్లలో జరిగాయి. లోకంలో అన్ని ఇళ్లూ అలా ఉండవు. బార్బరా రోగాఫ్ బృందం 1993లో నాలుగు చోట్ల ఏడాది, రెండేళ్ల మధ్య పిల్లలను పోల్చి చూసింది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ, టర్కీలో కెచియోరెన్, గ్వాటెమాలలో సాన్ పెద్రో, మన దేశంలో ఢోల్ కీ పట్టీ అనే గిరిజన పల్లె. మొదటి రెండు చోట్లా తల్లులు పిల్లలతో సమానంగా కూర్చుని ఆడారు, పాఠంలా నేర్పారు. మిగతా రెండు చోట్లా తల్లులు తమ పని మానలేదు. పిల్లలే పక్కన ఉండి, ఆ పనీ చుట్టూ జరిగేదీ ఒకేసారి గమనించారు. అవసరమైనప్పుడు తల్లి చెయ్యి సాయం వచ్చింది, లేదా చూపుతో చెప్పింది. రోగాఫ్ దేన్నీ తక్కువ చేయలేదు. రెండూ నేర్పే దారులే అంది.

మిరప చేల గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, పెద్ద పిల్లను కాపలా పెట్టి కోతకు దిగే తల్లి బిడ్డతో ఆడుకోవడం లేదని ఎవరైనా నిట్టూరిస్తే నేను ఒప్పుకోను. ఆ బిడ్డ అక్క చంకలో ఉండి పొలమంతా చూస్తోంది, పదిమంది గొంతులు వింటోంది. ఆ తల్లికి కొరతగా ఉన్నది ప్రేమ కాదు, తెలివీ కాదు. పాలిచ్చేందుకు గట్టు మీద కూర్చునే ఆ కాసేపూ మేస్త్రీ కేకేయకుండా ఉంటే చాలు.

అసలు సమస్య అక్కడుంది. పని ఎంత సొగసైన పాఠమైనా, చేసే మనిషికి తొందరుంటే అందులోంచి బిడ్డ వంతు ముందు ఎగిరిపోతుంది. ‘రెండో చెయ్యి ఎవరిస్తారూ’ అన్నాక ఆగే ఆ ఒక్క క్షణం ముందు పోతుంది. బుడాపెస్ట్‌లో ఎమ్మీ పిక్లర్ అనే వైద్యురాలు 1946 నుంచి అనాథ శిశువుల కోసం నడిపిన లోట్సీ ఆశ్రమంలో ఒకటే కట్టుబాటు గట్టిగా పెట్టింది: బిడ్డకు పాలు, స్నానం, బట్టల దగ్గర తొందరపడకూడదు, చేయబోయేది చెప్పాలి, బిడ్డ స్పందించేదాకా ఆగాలి. యుద్ధం తర్వాతి పేద దేశంలో, తల్లులు లేని పిల్లల మధ్య ఇది సాధ్యమైంది. అక్కడి ఆయాలకు ఆ పని నేర్పారు, ఆ పనికి కావలసినంత సేపు ఇచ్చారు.

మన దగ్గర ఆ సేపు ఎవరికుంది? 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ గది తప్పనిసరైంది. జీతం చీటీ ఉన్న ఉద్యోగులకు ఇది నిజమైన మేలు. మన ఆడవాళ్లలో ఎక్కువమంది పనిచేసే చేలల్లో, ఇళ్లల్లో, భవనాల దగ్గర ఈ చట్టం లెక్కకు రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగానికి దేశమంతటికీ వర్తించే చట్టమేదీ లేదు. తండ్రులు ‘సాయం’ చేయడం మానేసి ఏదో ఒక పని పూర్తిగా తమదిగా తీసుకోవాలని నా అభిప్రాయం. స్నానం అందుకు చక్కగా సరిపోతుంది. రోజూ అదే చేతులు, అదే గొంతు కావాలి కాబట్టి, ఆదివారం మాత్రమే పోసే స్నానం సరిపోదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో మూడేళ్లలోపు పిల్లల కోసం ‘నవచేతన’ పేరుతో ఒక మార్గదర్శిని తెచ్చింది. అందులో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ చెప్పాల్సిన 140 పనులున్నాయి. చాలావరకు ఇంట్లో ఉన్న వస్తువులతో, ఇంట్లో జరిగే పనుల్లోనే చేయదగినవి. దారి సరైనదే. కానీ బరువు తూచడం, ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం, పోషకాహారం పంచడం మధ్య అంగన్‌వాడీ టీచరుకు ఒక బాలింత పక్కన కూర్చుని, బిడ్డ ఎప్పుడు చూపు తిప్పుతోందో కలిసి గమనించే తీరిక ఇవ్వకపోతే ఆ 140 పనులు గోడకు అంటించిన జాబితాగానే ఉంటాయి.

ఇక కూలి పనుల్లో ఉన్న తల్లుల విషయానికొస్తే, భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996 నాటిది. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట పిల్లలకు గది, చూసుకునేందుకు శిక్షణ ఉన్న మనిషి ఉండాలని అందులో ఉండేది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి వచ్చే ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకునేందుకు కూలీలలోనే ఒక స్త్రీని పెట్టి, ఆమెకు మిగతావాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని రాశారు. పిల్లలను చూడటం కూడా కూలి దక్కాల్సిన పనే అని మన చట్టం ఒప్పుకున్న అరుదైన చోటు అది. చాలా చోట్ల ఆ మనిషికి ఒక టార్పాలిన్ నీడా, తాగునీటి బిందే దిక్కు. ఒక్కో ఆయాకు ఎంతమంది చంటిపిల్లలు ఉండవచ్చో పరిమితి, పిల్లలను శుభ్రం చేయడానికి నీళ్లు, తల్లి వచ్చి పాలిచ్చి వెళ్లడానికి కూలి కోత లేని విరామం, ఏ బిడ్డను ఎవరు చూస్తున్నారో రోజూ మార్చకుండా ఉంచే పద్ధతి. ఊళ్లలో పనులడిగే సంఘాలు, నగరాల్లో అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీలకు అనుమతులిచ్చే అధికారులు ఈ నాలుగూ కాగితం మీద పెట్టించాలి.